సెకండ్ హ్యాండ్ చైన్ సా: క్లచ్, ఆయిలర్ మీరే బాగు చేసుకోవడం ఎలా

సెకండ్ హ్యాండ్‌లో చైన్ సా కొన్నవాళ్లు చెప్పే బాధలు ఎక్కువగా రెండే. రేజ్ చేస్తే ఇంజిన్ అరుస్తుంది గానీ దుంగలో చైన్ ఆగిపోతుంది. లేదంటే చైన్‌కి ఆయిల్ అందక బార్, అంటే చైన్ తిరిగే పొడుగాటి పలక, కాలి పొగ వస్తుంది. రిపేరుకి ఇస్తే చాలాసార్లు క్లచ్ ఒక్కటే మార్చి పంపిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

క్లచ్ కోసం కవర్ విప్పితే ఆయిలర్ (చైన్‌కి ఆయిల్ అందించే పంపు, దాని దారి) కూడా చూడాలి, ఆయిలర్ కోసం విప్పితే క్లచ్ కూడా చూడాలి. రెండూ ఒకే కవర్ వెనక, ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి. ఆయిల్ అందని చైన్ బార్ గాడిలో పట్టేస్తుంది. రేజ్ చేస్తే క్లచ్ షూలనే ముక్కలు బయటికి తెరుచుకుని, చైన్‌ని లాగే గిన్నె లాంటి డ్రమ్‌ని లోపలి నుంచి పట్టి తిప్పాలి, కానీ ఆ బరువు లాగలేక డ్రమ్ లోపల జారతాయి. జారితే డ్రమ్ వేడెక్కుతుంది. ఆ వేడికి డ్రమ్ వెనకే ఉన్న ఆయిల్ పంపు గేరు, అది ప్లాస్టిక్‌ది అయితే, కరిగిపోతుంది. ఇక ఆయిల్ పూర్తిగా బంద్. కొత్త క్లచ్ వేసి ఆయిల్ సంగతి వదిలేస్తే ఆ కొత్త క్లచ్ కూడా అదే దారి పడుతుంది.

మన దగ్గర ఎక్కువగా తిరిగే మిషన్లు రెండు రకాలు. స్టిల్ ఎంఎస్ 170, ఎంఎస్ 180 లాంటి వాటిలో డ్రమ్ బయటికి కనిపిస్తుంది, క్లచ్ దాని లోపల ఉంటుంది. 52 సీసీ, 58 సీసీ చైనా మోడళ్లలో క్లచ్ బయట, డ్రమ్ దాని వెనక. విప్పే వరుస మారుతుంది గానీ లోపలి పని ఒకటే.

విప్పక ముందే రోగం కనిపెట్టండి

పానా పట్టుకోవడానికి ముందు మిషన్ ఒకసారి స్టార్ట్ చేసి చూడండి. విప్పాక ఈ పరీక్షలు చేయలేరు.

ఐడిల్‌లో, అంటే రేజ్ వదిలేసినప్పుడు, చైన్ కదలకూడదు. కదులుతుంటే వెంటనే క్లచ్ స్ప్రింగ్ పోయిందని అనుకోవద్దు. కార్బరేటర్ దగ్గర ఐడిల్ స్క్రూ ఉంటుంది, దాని పక్కన 'టి' అనో 'ఎల్ఏ' అనో రాసి ఉంటుంది. దాన్ని ఎడమ వైపు కొద్దికొద్దిగా తిప్పండి. ఇంజిన్ నిలకడగా తిరుగుతూ చైన్ ఆగిపోతే క్లచ్‌కి ఏమీ కాలేదు, ఐడిల్ ఎక్కువ పెట్టారంతే. చాలా మిషన్లకు ఐడిల్ నిమిషానికి సుమారు 2500 నుంచి 3000 చుట్ల మధ్య ఉంటుంది.

స్క్రూ తగ్గించినా ఇంజిన్ స్పీడు దిగకపోతే, లేదా ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఉంటే, ఎక్కడో గాలి దూరుతోంది. సెకండ్ హ్యాండ్ మిషన్లలో ఇది తరచుగా క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్ షాఫ్ట్) చుట్టూ ఉండే రబ్బరు రింగు, అంటే ఆయిల్ సీల్, దగ్గరే జరుగుతుంది, ఆ సీల్ సరిగ్గా క్లచ్, ఆయిల్ పంపుల వెనకే ఉంటుంది. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అయితే ఇంజిన్ స్పీడు దానంతటదే పెరుగుతుంది, క్లచ్ పట్టుకుంటుంది, చైన్ తిరుగుతుంది. ఇలాంటప్పుడు ఎన్ని స్ప్రింగులు మార్చినా ఫలితం ఉండదు. పైగా అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇంజిన్ ఐడిల్‌లో మెత్తగా, తక్కువ స్పీడులో తిరుగుతోంది, అయినా చైన్ కదులుతోంది అంటే అప్పుడు క్లచ్ స్ప్రింగ్ సాగిందో విరిగిందో, లేదా డ్రమ్ లోపలి నీడిల్ బేరింగ్ (సన్న సూదుల్లాంటి రోలర్లుండే బేరింగ్) పట్టేసిందో. ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి, చైన్ బ్రేక్ వదిలి, గ్లవ్ వేసుకుని చైన్‌ని బార్ మీద ముందుకు లాగండి. సులువుగా జారితే బేరింగ్ బాగుంది. లాగుతుంటే లోపల పిస్టన్ కంప్రెషన్ తగులుతోందంటే బేరింగ్ షాఫ్ట్‌కి అతుక్కుపోయింది.

ఆయిల్ పరీక్షకి ఒక అట్టముక్క కావాలి. ట్యాంకు నిండా ఆయిల్ పోసి, బార్ కొసని అట్టకి జానెడు దూరంలో పెట్టి, ఓ నిమిషం బాగా రేజ్ చేయండి. ఆయిలర్ పనిచేస్తుంటే అట్ట మీద సన్నని ఆయిల్ గీత పడుతుంది. గీత పడకపోతే మిషన్ ఆపి, ఆయిల్ మూత కాస్త వదులు చేసి మళ్లీ చేయండి. ఇప్పుడు వస్తే పంపు బాగానే ఉంది, ట్యాంకుకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. పంపు ఆయిల్ పీల్చిన కొద్దీ ట్యాంకులోకి గాలి చేరాలి, చేరకపోతే కాసేపు వచ్చి ఆగిపోతుంది. ఈ ఒక్క పరీక్షతో పంపు కొనే ఖర్చు తప్పిన సందర్భాలు చాలా ఉంటాయి.

విప్పడం

మిషన్ పూర్తిగా చల్లారనివ్వండి. ప్లగ్ క్యాప్ పీకేయండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, క్లచ్ స్ప్రింగ్ ఎగిరితే నేరుగా మొహం మీదికే వస్తుంది. కావలసినవి మిషన్‌తో వచ్చే 13, 19 సైజుల టి పానా, చిన్న స్క్రూడ్రైవర్, నోస్ ప్లయర్, పాత టూత్ బ్రష్, కొంచెం పెట్రోల్, పాత బట్ట, వేలి మందం కన్నా సన్నని నైలాన్ తాడు ఒక మీటరు. ఫోన్ దగ్గర పెట్టుకుని ప్రతి వాషర్ తీసేముందు ఒక ఫోటో తీయండి. ఏ వాషర్ ఏ వైపు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు.

కవర్ విప్పే ముందు చైన్ బ్రేక్ తప్పకుండా వదలండి, అంటే ముందున్న గార్డును హ్యాండిల్ వైపు లాగి ఉంచండి. చైనా మోడళ్లలోనూ, హస్క్వర్నా మోడళ్లు చాలావాటిలోనూ బ్రేక్ బ్యాండ్ కవర్‌లోనే ఉంటుంది. బ్రేక్ పట్టి ఉండగా కవర్ లాగేస్తే బ్యాండ్ ముడుచుకుపోయి తిరిగి డ్రమ్ మీద కూర్చోదు. ఎంఎస్ 170, 180లో బ్యాండ్ మిషన్ ఒంటికే ఉంటుంది, బ్రేక్ పట్టి ఉంటే డ్రమ్ బయటికి రాదు.

కవర్ తీయగానే లోపలున్నది తుడిచేయకండి, ముందు చూడండి. ఆయిల్‌తో తడిసిన పొట్టు గట్టిపడి ఉందా? డ్రమ్ నీలం రంగుకి తిరిగిందా? నీలం అంటే బాగా కాలింది. ఎండిన, నల్లగా మాడిన పొట్టు అంటే ఆయిల్ అందలేదు. ఒళ్లంతా తడిగా పెట్రోల్ వాసన వస్తుంటే పైన చెప్పిన ఆయిల్ సీల్ కారుతూ ఉండొచ్చు. కొబ్బరి, తాటి చెట్లు కోసిన మిషన్ అయితే మరీ జాగ్రత్తగా చూడాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి తోటలు పడిపోయినప్పటిలా, పడిన చెట్లు తొలగించే పనికి వాడిన మిషన్లలో పీచు డ్రమ్ చుట్టూ, షాఫ్ట్ చుట్టూ పేనుకుపోయి ఆయిల్ రంధ్రాన్ని మూసేస్తుంది. సరుగుడు, సుబాబుల్ పొట్టు పొడిగా రాలిపోతుంది, కొబ్బరి పీచుని మాత్రం ప్లయర్‌తో పీకాల్సిందే.

డ్రమ్ బయట ఉన్న మిషన్‌లో పని తేలిక. షాఫ్ట్ కొసన ఇంగ్లీషు 'E' ఆకారంలో చిన్న లాక్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని తోసేటప్పుడు మీద బట్ట కప్పండి, లేకపోతే ఎగిరి ఎక్కడో పడుతుంది. వాషర్ తీసి, డ్రమ్ లాగి, నీడిల్ బేరింగ్ తీయండి.

క్లచ్ విప్పడంలోనే మిషన్లు ఎక్కువగా పాడవుతాయి. క్లచ్‌కి ఉన్నది ఎడమ మర. మామూలు బోల్టుకి భిన్నంగా కుడి వైపు, గడియారం ముల్లు తిరిగే వైపు, తిప్పితే ఊడుతుంది. చాలా క్లచ్‌ల మీద బాణం గుర్తు, 'ఆఫ్' అని అక్షరాలు ఉంటాయి, తుడిచి చూడండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి అది చేయకండి. షూ పగలొచ్చు, క్రాంక్ షాఫ్ట్ బేరింగ్ దెబ్బతినొచ్చు. మధ్యలో ఆరు పలకలుంటే 19 పానా పడుతుంది, లేకపోతే ఆ మోడల్‌కి తగిన క్లచ్ టూల్ కొనండి.

క్లచ్ తిప్పుతుంటే ఇంజిన్ కూడా తిరుగుతుంది కాబట్టి పిస్టన్‌ని ఆపాలి. ప్లగ్ విప్పి ఆ రంధ్రం మీద వేలు పెట్టి, క్లచ్‌ని కుడి వైపు నెమ్మదిగా తిప్పండి. పిస్టన్ పైకి వస్తుంటే గాలి వేలిని తోస్తుంది. ఆ తోపు మొదలైందంటే సైలెన్సర్ వైపు రంధ్రాన్ని పిస్టన్ దాటేసిందన్నమాట. అక్కడ ఆగి, నైలాన్ తాడు కొసన ముడి లేకుండా చూసుకుని, పట్టినంత లోపలికి దూర్చండి. రెండో కొస బయట వేలాడాలి. తొందరపడి పిస్టన్ కిందుండగానే దూర్చితే తాడు సైలెన్సర్ రంధ్రంలోకి వెళ్లి, పిస్టన్ అంచుకీ రంధ్రానికీ మధ్య నలిగి రింగు విరుగుతుంది. ఇనప బోల్టులు, స్క్రూడ్రైవర్లు అసలు దూర్చకండి. తాడు మెత్తగా నలిగి పిస్టన్‌ని ఆపుతుంది, దెబ్బ తగలనివ్వదు.

క్లచ్, డ్రమ్, బేరింగ్: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

అన్నీ పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టండి. మూతికి బట్ట కట్టుకుని, ఆరుబయట, బీడీ సిగరెట్లకు దూరంగా.

స్ప్రింగులు ముందు చూడండి. విప్పిన స్ప్రింగ్ చుట్లు ఒకదాన్నొకటి అంటుకుని ఉండాలి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చుట్ల మధ్య సందు కనిపిస్తే సాగిపోయినట్టే. ఒకటి పోయినా సెట్టు మొత్తం మార్చాలి. పాతదీ కొత్తదీ కలిపితే ఒక షూ ముందు, ఒక షూ వెనక తెరుచుకుని క్లచ్ అదురుతుంది.

షూలకు ఆయిల్ పట్టి ఉంటే కడిగితే సరిపోతుంది. అద్దంలా నున్నగా మెరుస్తుంటే సన్న ఉప్పు కాగితంతో గరుకు చేయండి. ఒక అంచు మాత్రమే అరిగి ఉంటే, లేదా పగులు కనిపిస్తే, మొత్తం క్లచ్ మార్చడమే మేలు.

డ్రమ్‌కి రెండు చోట్ల అరుగుదల ఉంటుంది. లోపల షూలు రాసుకునే గోడ, బయట చైన్ పట్టుకునే పళ్లు. పళ్ల మీద చైన్ చేసిన గాడి అర మిల్లీమీటరు దాటితే డ్రమ్ మార్చేయాలి. గోరు పెట్టి లాగితే గోరు ఆ గాడిలో చిక్కుకుంటుంది, అప్పుడే అనుమానించి కొలవండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే ఆ కొత్త చైన్ కూడా త్వరగా సాగుతుంది. రెండు చైన్లు అరిగేసరికి ఒక డ్రమ్ మార్చుకోవడం మంచి లెక్క. లోపలి గోడ మొదటి మందంలో 80 శాతం కన్నా తగ్గితే వాడకండి. నీలం తిరిగి, లోపల జుట్టంత పగుళ్లు కనిపించే డ్రమ్‌ని నేనైతే ఇంకో గంట కూడా నడపను.

కొత్త డ్రమ్ కొనేటప్పుడు చైన్ పిచ్, అంటే చైన్ లింకుల మధ్య దూరం కొలత, చూసి కొనాలి. 52, 58 సీసీ మిషన్లకు సాధారణంగా 0.325 అంగుళాల పిచ్, చిన్న మిషన్లకు ఎక్కువగా 3/8 అంగుళాల 'లో ప్రొఫైల్' (ఎత్తు తక్కువ ఉన్న చైన్). పాత యజమాని ఏదో చైన్ ఎక్కించి ఉండొచ్చు కాబట్టి మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా పాత డ్రమ్, చైన్ రెండూ షాపుకి తీసుకెళ్లండి.

నీడిల్ బేరింగ్ ఖరీదు తక్కువ, అనుమానం ఉంటే మార్చేయండి. అయితే అది తిరిగే షాఫ్ట్ భాగాన్ని వేలితో తడిమి చూడండి. అక్కడ గీతలు, గుంతలు పడి ఉంటే కొత్త బేరింగ్ కూడా త్వరగా పోతుంది. ఇక క్రాంక్ షాఫ్ట్ మార్చాలా, మిషనే మార్చాలా అన్నది అప్పుడు ఆలోచించాల్సిన విషయం. బేరింగ్‌కి వేడిని తట్టుకునే గ్రీజు కొంచెం, సూదుల మధ్య పట్టేంత మాత్రమే రాయండి. ఎక్కువైతే అది చిమ్మి షూల మీద పడి క్లచ్ జారుతుంది.

ఆయిలర్

ఆయిల్ నడిచే దారిలోనే వెళ్దాం: ట్యాంకు, జాలీ, గొట్టం, పంపు, ఒంటి మీది రంధ్రం, బార్ రంధ్రం, బార్ గాడి. సులువైన చివర నుంచి మొదలుపెట్టండి.

బార్ తోక దగ్గర పైన ఒకటి, కింద ఒకటి చిన్న రంధ్రాలు ఉంటాయి. సన్న తీగ దూర్చి శుభ్రం చేయండి, గాడి మొత్తం గీకండి. తర్వాత బార్‌ని దాని స్థానంలో పెట్టి, మిషన్ ఒంటి మీది ఆయిల్ రంధ్రానికి బార్ రంధ్రం ఎదురుగా వస్తోందో లేదో చూడండి. వేరే మోడల్ బార్ బిగించిన మిషన్లలో ఈ రెండూ కలవవు. పంపు చక్కగా పోస్తుంది, ఆయిల్ మాత్రం బార్ పక్క నుంచి కిందికి కారుతుంది. దీనికి మందు సరైన బార్ ఒక్కటే.

తర్వాత ఆయిల్ ట్యాంకు. మూత రంధ్రంలోంచి కొక్కెంలా వంచిన తీగతో గొట్టాన్ని బయటికి లాగండి. కొసనున్న జాలీ జిగురుతో మూసుకుపోయి ఉంటే పెట్రోల్‌లో కడగండి. గొట్టాన్ని వేళ్ల మధ్య వంచి చూడండి, వంచిన చోట సన్నని పగుళ్లు తెరుచుకుంటే ఆయిల్‌కి బదులు గాలి పీలుస్తుంది. మార్చేయండి. ట్యాంకులో కొంచెం పెట్రోల్ పోసి బాగా కదిలించి పారబోయండి, మురికి రానంతవరకు. గాలి వెళ్లే చిన్న వాల్వ్‌ని మెత్తటి బ్రష్‌తో తుడిచి, సైకిల్ పంపుతో తేలికగా ఊదండి. టైర్ల షాపులో కంప్రెసర్ గాలి కొట్టిస్తే ఆ రబ్బరు ముక్క చిరగొచ్చు.

ఇక పంపు. డ్రమ్ వెనక షాఫ్ట్ మీద వార్మ్ గేర్ ఉంటుంది, అది పంపు పళ్లను తిప్పుతుంది. వార్మ్ గేర్ మర పదునుగా ఉండాలి, గుండ్రంగా అరిగినా, కరిగి మెరుస్తున్నా మార్చండి. ఎంఎస్ 170, 180లో దీనికి ఒక తీగ కొక్కెం ఉండి డ్రమ్ అంచులోని గాటులో కూర్చుంటుంది. ఆ తీగ వంగినా విరిగినా ఆయిల్ రాదు, మిగతాదంతా కొత్తదే అయినా సరే. ఈ మిషన్లలో డ్రమ్ తిరిగితేనే ఆయిల్ వస్తుంది, ఐడిల్‌లో రాలేదని కంగారు పడొద్దు.

చైనా మోడళ్లలో పంపు విడిగా, స్క్రూలు తీస్తే చేతికి వస్తుంది. బయట పెట్టే చూసుకోండి. చిన్న గిన్నెలో ఆయిల్ పోసి పీల్చే వైపు అందులో ముంచి, పళ్లను వేలితో తిప్పుతూ పోండి. కొన్ని చుట్ల తర్వాత రెండో వైపు నుంచి ఆయిల్ బొట్టు బొట్టుగా రావాలి. వేలితో ఆ రంధ్రం మూస్తే తోపు తగలాలి. వేలి కింద నుంచి గాలి బుడగలే వస్తుంటే లోపలి ప్లంజర్ (ఆయిల్‌ని తోసే చిన్న కడ్డీ) అరిగింది, బాగు చేయడం కన్నా పంపు మార్చడమే చవక. బిగించేటప్పుడు గొట్టం కొస, రబ్బరు బుష్ సరిగ్గా కూర్చున్నాయో చూడండి. సెకండ్ హ్యాండ్ మిషన్ కింద ఎప్పుడూ ఆయిల్ మడుగు ఉండటానికి ఎక్కువసార్లు కారణం ఆ బుష్షే.

ఆయిల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బైకుల నుంచి, ట్రాక్టర్ల నుంచి తీసిన నల్ల ఆయిల్ పోయడం ఊళ్లలో మామూలైపోయింది. అందులో ఇనప పొడి ఉంటుంది, అది పంపు ప్లంజర్‌ని అరగదీస్తుంది. చైన్ చిమ్మే ఆయిల్ మీ చేతుల మీదా, మొహం మీదా పడుతుంది, వాడిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి హాని, దీర్ఘకాలంలో క్యాన్సర్ కారకం కూడా. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ పోయండి. వంటనూనె కొన్నాళ్లు ఊరుకుంటే జిగురుగా మారి జాలీ మూసేస్తుంది.

తిరిగి బిగించడం, చూసుకోవడం

డ్రమ్ బయట ఉన్న మిషన్‌లో ముందు వార్మ్ గేర్, తర్వాత క్లచ్, తర్వాత బేరింగ్, చివర డ్రమ్. క్లచ్ బయట ఉన్న మిషన్‌లో వార్మ్ గేర్, బేరింగ్, డ్రమ్, చివర క్లచ్. ఎంఎస్ 170, 180లో డ్రమ్ పెట్టి అటూ ఇటూ చిన్నగా తిప్పుతుంటే తీగ కొక్కెం గాటులో పడినప్పుడు డ్రమ్ ఇంకాస్త లోపలికి దిగుతుంది, అది చేతికి తెలుస్తుంది. దిగకుండానే లాక్ బిగించడానికి చూస్తే తీగ వంగిపోతుంది. డ్రమ్ తిప్పితే వార్మ్ గేర్ కూడా దాంతో తిరగాలి.

క్లచ్ బిగించేటప్పుడు ఎడమ వైపు తిప్పాలి, క్రాంక్ కూడా ఈసారి అటే తిరుగుతుంది. అందుకే విప్పినప్పుడు తాడు దూర్చిన చోటు పనికిరాదు. తాడు తీసేసి, ఎడమ వైపు తిప్పుతూ పిస్టన్ పైకి వచ్చేదాకా చూసి, అప్పుడు తాడు దూర్చి గట్టిగా బిగించండి. క్లచ్ మరకి జిగురు మందులేవీ రాయక్కర్లేదు, ఇంజిన్ తిరిగే కొద్దీ ఈ మర తనంతట తాను బిగుసుకుంటుంది. తాడు బయటికి తీశాకే ప్లగ్ పెట్టండి.

కవర్ గానీ డ్రమ్ గానీ లేకుండా ఇంజిన్ మాత్రం ఎప్పుడూ స్టార్ట్ చేయకండి. డ్రమ్ లేని క్లచ్ తిరిగితే షూలు తూటాల్లా ఎగిరిపోవచ్చు.

బార్, చైన్, కవర్ బిగించి, చైన్ బ్రేక్ వేసి స్టార్ట్ చేయండి. కాస్త వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి బ్రేక్ వదలండి, చైన్ కదలకూడదు. రేజ్ ఇచ్చి గార్డు ముందుకు తోయండి, చైన్ వెంటనే ఆగాలి. బ్రేక్ వేసి ఉంచి రేజ్ చేస్తూ ఉండకండి, కొన్ని సెకన్లలోనే డ్రమ్ మళ్లీ నీలం తిరుగుతుంది. తర్వాత అట్ట మీద ఆయిల్ గీత చూడండి.

గీత పడ్డాక ఎండిన తుమ్మ దుంగ లాంటి గట్టి కట్టె మీద మూడు నాలుగు కోతలు కోయండి. ఇంజిన్ ఆపి, కవర్ దగ్గర ముక్కు పెట్టి మాడు వాసన వస్తుందేమో చూడండి. చైన్ వేడికి సాగి ఉంటుంది, చల్లారాక మళ్లీ బిగించండి. మొదటి ట్యాంకు పెట్రోల్ అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకు దాదాపు ఖాళీ అవ్వాలి, కానీ పెట్రోల్ కన్నా ముందు అయిపోకూడదు. సగం కన్నా ఎక్కువ మిగిలిపోతే, పంపుకి సర్దుబాటు స్క్రూ ఉన్న మోడల్ అయితే, మిషన్ కింద ఉన్న ఆ స్క్రూని కొద్దిగా తిప్పి ఆయిల్ పెంచి ఇంకో ట్యాంకు నడిపి చూడండి. ఎంఎస్ 170, 180కి ఆ స్క్రూ ఉండదు, వాటిలో ఆయిల్ మిగిలిపోతే మళ్లీ జాలీ, గొట్టం దగ్గర నుంచి వెతకాల్సిందే.